కుర్చీలో కూర్చుని కొత్తరేవు వెళ్ళడం

వర్షపాత నమోదు శాఖలో ఒక సూత్రం ఉంది. రికార్డులోకి ఎక్కని వాన పడినట్టు కాదు. బయట గొడుగులు తిరగబడిపోతున్నా, కాలవలకు గండ్లు పడుతున్నా, శాఖవారి దృష్టిలో ఆకాశం నిర్మలంగా ఉన్నట్టే లెక్క. ఆ వానను అధికారికంగా పడేట్టు చేసే మనిషి జిల్లా మొత్తానికి ఒక్కడే. అతని పేరు కుడుపూడి ధర్మలింగం. హోదా సీనియర్ అసిస్టెంటు, నివాసం జిల్లా ఆఫీసు వెనక సందులో ఒంటి గది.

ఇరవై రెండు మండలాల నుంచి వాన అంకెలు అతనికి ఫోనులో వస్తాయి. వాటిని కాగితం మీద రాసుకుని, మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి బస్సెక్కి అరవై నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొత్తరేవు సబ్ ఆఫీసుకు పోతాడు. అక్కడి కంప్యూటరులో అంకెలు కొట్టి, మళ్ళీ బస్సెక్కి వచ్చేస్తాడు. జిల్లా ఆఫీసులో కంప్యూటరు లేదా అంటే, లేకేం, నిక్షేపంలా ఉంది. కాకపోతే రెండేళ్ళ క్రితం పైనుంచి ఉత్తర్వు వచ్చి, దానిలో పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి, పైసా కట్టక్కర్లేని కొత్తది పెట్టారు. స్విచ్చి వేస్తే పెంగ్విన్ పక్షి బొమ్మ కనిపిస్తుంది. వానలెక్కించే ప్రోగ్రామేమో పాత సిస్టమ్ మీద తప్ప నడవనని భీష్మించుకుంది. ఉత్తర్వులో జిల్లా ఆఫీసు ఊసే ఉంది గాని సబ్ ఆఫీసు ఊసు లేదు కనుక, కొత్తరేవులో పాతది పాతలాగే ఉండిపోయింది. అక్కడ ఆపరేటరు పోస్టు ఖాళీ అయి పదకొండేళ్ళు. ఉన్నది అటెండరు నూకాలమ్మ ఒక్కతే. ఆవిడ పొద్దున్నే తాళం తీసి, కంప్యూటరు తుడిచి, స్విచ్చి వేస్తుంది. సాయంత్రం ఆపి, తాళం వేసుకుని పోతుంది.

ధర్మలింగం పెళ్ళాం వసంత, సరిగ్గా దారి మధ్యలో ఉన్న జొన్నలంకలో మూడో తరగతి టీచరు. బస్సు అక్కడ టీ కోసం పది నిమిషాలు ఆగుతుంది. బడి బస్టాపుకు ఎదురుగానే. ఆమె విరామం చూసుకుని కేరేజీ పట్టుకొచ్చి కిటికీ పక్కన నిలబడేది. పెళ్ళయి ఆరేళ్ళు. ఆదివారాలు పోగా, వాళ్ళ కాపురమంతా ఆ కిటికీ చువ్వల మధ్య నుంచే సాగుతోంది. జొన్నలంకకు బదిలీ కావాలని అతను తొమ్మిది అర్జీలు పెట్టుకున్నాడు. తొమ్మిదింటికీ ఒకటే జవాబు: "సదరు గ్రామమున మన కార్యాలయము లేనందున, లేని కార్యాలయమునకు బదిలీ చేయజాలము."

ఇలా ఉండగా ఒక ఆదివారం ధర్మలింగం సెల్‌ఫోనులో ఏదో వీడియో చూశాడు. ఒక కంప్యూటరు దగ్గర కూర్చుని, ఎక్కడో ఉన్న ఇంకో కంప్యూటరును నడపవచ్చట. అక్కడి తెర ఇక్కడ కనిపిస్తుంది, ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం కదులుతుంది. రెండింటి సిస్టమూ ఒకటి కాకపోయినా ఫరవాలేదట. అతను మూడు రోజులు తంటాలు పడి, కొత్తరేవులో ఒక ముక్క, జిల్లా ఆఫీసులో ఒక ముక్క ఎక్కించి, రెండింటికీ జత కుదిర్చాడు.

"అయితే మంగళవారం నువ్వు రావా?" అంది వసంత ఫోనులో, గొంతు చిన్నబోయి.

"కొన్నాళ్ళు ఓర్చుకోవే. ఇక్కణ్ణించి నడిపేది జొన్నలంక నించి మాత్రం నడపలేనా? ఓ నెల సవ్యంగా పనిచేసిందనుకో, మీ ఇంటి అరుగు మీద కూర్చుని చేస్తానని అర్జీ పెడతాను. ఆపైన రోజూ నీ చేతి కాఫీయే."

మంగళవారం వచ్చింది. పదిన్నరకు ధర్మలింగం జిల్లా ఆఫీసులో తన కుర్చీలోనే కూర్చుని, మొదటి మండలం వాన కొట్టాడు. అది కొత్తరేవులో పడింది. అతనికి ఒళ్ళు పులకరించింది. అంతలో ఫోను మోగింది.

"బాబూ, తవరెప్పుడొచ్చారండీ? బాణం దానంతటది తిరిగేత్తంది," అంది నూకాలమ్మ.

"నేనేనమ్మా. ఇక్కణ్ణించి తిప్పుతున్నాను."

"అలాగా అండి. మరి టీ?"

"టీ ఎందుకమ్మా? నేను రాలేదు కదా."

"పని సేత్తన్నారు కదండీ. పని సేసే మడిసికి టీ ఇయ్యకపోతే ఎలాగండీ?" అని ఆవిడ ఫోను పెట్టేసి, వేడివేడి టీ గ్లాసు తెచ్చి కంప్యూటరు ముందు పెట్టింది. ధర్మలింగం పదకొండుకల్లా ఇరవై రెండు మండలాల వానా ముగించాడు.

అతని ఆనందం పదకొండుంపావు దాకా ఉంది. అప్పుడు సూపరింటెండెంటు త్రినాథం వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క రిజిస్టరు గడి కూడా ఖాళీగా వదిలిన మనిషి కాదు.

"ఏమయ్యా, ఇవాళ మంగళవారం. నువ్వు కొత్తరేవు వెళ్ళలేదా?"

ధర్మలింగం సంబరంగా విషయం అంతా చెప్పాడు. త్రినాథం చాలాసేపు తెరను చూసి, కుర్చీని చూసి, చివరికి ధర్మలింగాన్ని చూశారు.

"మరి ఇప్పుడు నువ్వు అక్కడున్నావా, ఇక్కడున్నావా?"

"ఇక్కడే ఉన్నానండి."

"పనెక్కడ జరిగింది?"

"కొత్తరేవులోనండి."

"పని ఎక్కడ ఉంటే ఉద్యోగి అక్కడ ఉన్నట్టు. నువ్వు అరగంట పాటు కొత్తరేవులో ఉన్నావు. మూవ్‌మెంట్ రిజిస్టరులో రాశావా?"

ఆఫీసు వదిలి బయటికి పోయేవాళ్ళు ఎక్కడికి, ఎందుకు, ఎన్నింటికి పోయారో రాసే పుస్తకం అది. ధర్మలింగం రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పమని ఆ సాయంత్రమే మెమో వచ్చింది. సంజాయిషీలో అతను తాను కుర్చీలోంచి లేవలేదని రాసుకున్నాడు. దాన్ని చదివి త్రినాథం, "లేవకుండా వెళ్ళడం ఇంకా పెద్ద తప్పు" అని పక్కన ఎర్ర సిరాతో రాశారు.

ఆ శుక్రవారం నుంచి అతను పదిన్నరకు రిజిస్టరులో "కొత్తరేవు" అని రాసి, సంతకం పెట్టి, తిరిగొచ్చి తన కుర్చీలోనే కూర్చునేవాడు. కూర్చున్న క్షణం నుంచి అతను ఆఫీసులో లేడు. త్రినాథం గుండుసూది కోసం వచ్చి, అతని భుజం మీదుగా చెయ్యి చాపి డబ్బా తీసుకుని, "ధర్మలింగం ఉంటే అడిగేవాణ్ణి, లేడు కదా" అనుకుంటూ వెళ్ళేవారు. ఫోను మోగినా ఎత్తకూడదు. ఎవరైనా పలకరిస్తే నవ్వకూడదు.

రెండో వారం త్రినాథానికి మరో అనుమానం వచ్చింది. పదిన్నరకు బయలుదేరిన మనిషి పదిన్నరకే అరవై నాలుగు కిలోమీటర్లు ఎలా చేరాడు? శాఖ గుర్తించిన ప్రయాణ సాధనం ఆర్డినరీ బస్సు. దానికి రెండు గంటలు పడుతుంది. కనుక సంతకం పెట్టాక రెండు గంటల పాటు మౌస్ ముట్టుకోకూడదు, పని అయ్యాక తిరుగు ప్రయాణానికి మళ్ళీ రెండు గంటలు కూర్చోవాలి అని సర్క్యులరు తీశారు.

"పోనీ అప్పటిదాకా వేరే ఫైళ్ళు చూడమంటారా అండీ?"

"బస్సులో ఫైళ్ళు ఎలా చూస్తావయ్యా? కుదుపులుంటాయి."

అయితే త్రినాథం మరీ రాతి గుండె మనిషేమీ కాదు. గంట గడిచాక, అంటే పదకొండున్నరకు, పది నిమిషాలు టీకి లేవవచ్చునని సర్క్యులరులో ఒక వాక్యం చేర్చారు. జొన్నలంకలో బస్సు ఆగుతుంది కాబట్టి. రిజిస్టరులో కూడా "11.30, జొన్నలంక, టీ" అని తానే స్వయంగా రాసి, పక్కన పొట్టి సంతకం చేసేవారు. ఆ పది నిమిషాల్లో ధర్మలింగం వరండాలోకి పోయి వసంతకు ఫోను చేసుకునేవాడు.

"ఎక్కడున్నావ్?" అనేది ఆమె.

"మీ బస్టాపులోనే ఉన్నానంట," అనేవాడు. మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. పోను పోను అతనికి నవ్వు రావడం మానేసింది. కిటికీ దగ్గర కనిపించే మొహం కూడా ఇప్పుడు లేకుండా పోయిందని అతనికి బెంగ పట్టుకుంది.

సంగతి డిప్యూటీ డైరెక్టరు చంద్రచూడరావు గారి దాకా పోయింది. ఆయన ఒంటికాలి మీద లేచారు.

"ఇది సాంకేతిక అంశం కాదు త్రినాథం గారూ, క్రమశిక్షణకు సంబంధించిన అంశం. కొత్తరేవు కంప్యూటరు సర్వీసులో ఎప్పుడు చేరింది?"

"పద్నాలుగేళ్ళయింది సార్."

"మన పెంగ్విను?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళ సర్వీసున్న జూనియరు, పద్నాలుగేళ్ళ సీనియరును ఇటు తిరుగు, అటు తిరుగు అని ఆడిస్తుందా? పైగా కేడరే వేరు! రేపు ఇదే చూసి మన జూనియర్ అసిస్టెంట్లు ఏం నేర్చుకుంటారు?"

వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల సీనియారిటీ నిర్ధారణ కమిటీ ఏర్పడింది. డిప్యూటీ డైరెక్టరు అధ్యక్షులు, సూపరింటెండెంటు సభ్యులు, ధర్మలింగం కన్వీనరు. సమావేశం మంగళవారం పెట్టారు. ధర్మలింగం వాళ్ళిద్దరి మధ్యనే కూర్చున్నా, ఆ సమయానికి కొత్తరేవు బస్సులో ఉన్నాడు కనుక, కన్వీనరు గైర్హాజరైనట్టు మినిట్స్‌లో రాశారు. కమిటీ మూడు గంటలు మల్లగుల్లాలు పడి తీర్మానించింది: "జూనియరు వ్యవస్థ సీనియరు వ్యవస్థను ఆజ్ఞాపించరాదు. వినయపూర్వకముగా విజ్ఞప్తి చేసుకొనవచ్చును."

కాబట్టి మండలానికో విజ్ఞప్తి తయారైంది. దాన్ని త్రినాథం ఫోనులో చదివితే, అవతల నూకాలమ్మ కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని నిలబడి పైకి చెప్పాలి. అది అభ్యంతరం తెలపని పక్షంలో ధర్మలింగం అంకె కొట్టాలి.

"'అయ్యా, తమరు దయతో పన్నెండు మిల్లీమీటర్ల వానను స్వీకరింపవలసినదిగా ప్రార్థన' అని చెప్పు."

"సెప్పానండి."

"అభ్యంతరం ఏమైనా?"

"ఏం లేదండి. ఎప్పుడూలాగే గుర్రుమంటంది."

"గుర్రుమనడం అంగీకారమా, తిరస్కారమా?"

"నాకెలా తెలుత్తదండీ? మా ఆయన కూడా అలాగే అంటాడు గాని, పెట్టింది తింటాడండి."

దాన్ని షరతులతో కూడిన అంగీకారంగా రాసుకున్నారు. ఆ రోజు సాయంత్రానికి మూడు మండలాల్లో వాన పడింది. మిగతా పంతొమ్మిది ఎండిపోయాయి. అది శ్రావణమాసం. ఊళ్ళో మోకాలి లోతు నీళ్ళు. చంద్రచూడరావు గారు పంట్లాం పైకి మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఆఫీసుకొచ్చి, గొడుగు వరండాలో ఆరేసి, "జిల్లాలో తీవ్ర వర్షాభావ పరిస్థితులు నెలకొని యున్నవి" అన్న నివేదిక మీద సంతకం చేశారు. కాగితం తడిసి సిరా పాకితే, త్రినాథం అద్దుడు కాగితం వేసి ఒత్తారు.

ఆ నివేదిక చూసి రాజధాని నుంచి ఒక చిన్న ప్రశ్న వచ్చింది. "రిమోట్ కంట్రోలు జరుగుచున్నపుడు రెండు కొసల వద్దను బాధ్యుడెవరు?" అంతే. చంద్రచూడరావు గారు ధర్మలింగాన్ని పిలిచారు.

"ఈ విద్య తెలిసింది నీకొక్కడికే కదా. ఇక మీదట నడిపే కొసనా, నడిచే కొసనా నువ్వే స్వయంగా హాజరై పర్యవేక్షించాలి. ఒకే సమయంలో."

"సార్, నేనొక్కణ్ణే కదండీ."

"అది నీ వ్యక్తిగత విషయం. శాఖ జోక్యం చేసుకోదు."

శుక్రవారం ధర్మలింగం జిల్లా ఆఫీసులో కూర్చున్నాడు. కొత్తరేవులో గైర్హాజరైనందుకు ఒక ఛార్జిమెమో వచ్చింది. మంగళవారం బస్సెక్కి కొత్తరేవుకే బయలుదేరాడు. జిల్లా ఆఫీసులో గైర్హాజరైనందుకు ఇంకొకటి సిద్ధమవుతుందని తెలిసే బయలుదేరాడు. వారంలోగా తగిన సంజాయిషీ రాకపోతే సస్పెన్షనని మొదటి మెమో అడుగున ఉంది.

జొన్నలంకలో బస్సు ఆగింది. వసంత పరుగున కిటికీ దగ్గరకొచ్చింది. రెండు నెలల తరవాత ఆ కిటికీలోంచి ఆమె మొహం చూసేసరికి ధర్మలింగానికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నీ దగ్గరికి రావాలని చేశానే ఇదంతా. ఉన్న ఉద్యోగం కూడా పోయేట్టుంది," అన్నాడు, కాగితాల కట్ట చువ్వల్లోంచి ఇస్తూ.

వసంత మెమో చదివింది, సర్క్యులరు చదివింది, మూవ్‌మెంట్ రిజిస్టరు నకలు చదివింది. మొదట ఆమె మొహం కోపంతో ఎర్రబడింది. తరవాత ఆ నకలు దగ్గరే ఆగిపోయింది.

"ఈ పొట్టి సంతకం ఎవరిది?"

"మా సూపరింటెండెంటుగారిది."

"ప్రతిసారీ ఈయనే పెట్టాడా? పదకొండున్నరకి నువ్వు జొన్నలంకలో ఉన్నావని?"

"ఆఁ. టీ తాగడానికి."

"నువ్విలా కాగితం అందగానే ఏడిస్తే ఎలాగయ్యా మహానుభావా! మా పిల్లల్ని పెన్సిలు రెండు కొసలకీ మధ్య ఎక్కడో అడిగితే టక్కున చెప్తారు. అదిలా ఉంచు, సంజాయిషీ నేను రాస్తాను," అంది. ఆమె కళ్ళల్లో మెరుపు చూసి ధర్మలింగం, కండక్టరు ఈల వేసినా వినిపించుకోలేదు.

ఆ సంజాయిషీ మూడో రోజున చంద్రచూడరావు గారి బల్ల మీదికొచ్చింది. గుండ్రటి అక్షరాలు. ఆయన పైకి చదివారు: "నియంత్రించు కంప్యూటరు ఒక కొసను, నియంత్రింపబడు కంప్యూటరు వేరొక కొసను ఉన్నందున, నియంత్రణ అను కార్యము పూర్తిగా ఏ కొసనూ జరుగుట లేదనియు, ఉభయ కొసల నడుమ జరుగుచున్నదనియు మనవి. పని ఎచట ఉండునో ఉద్యోగి అచట ఉండవలెనని శాఖవారి సూత్రము. ఉభయ కొసలకు సమదూరమున, ముప్ఫై రెండవ కిలోమీటరు వద్ద, జొన్నలంక గ్రామము కలదు. ఈ ఉద్యోగి ప్రతి మంగళ, శుక్రవారములందు సదరు గ్రామమున హాజరగుచున్నట్లు సూపరింటెండెంటు వారే స్వయముగా ధ్రువీకరించి యున్నారు. కావున ఉద్యోగి ఏ కొసనూ గైర్హాజరు కాలేదనియు, ఉభయత్ర సగము సగము హాజరైనాడనియు గమనింప ప్రార్థన."

చంద్రచూడరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"భాష ఎంత బాగుందయ్యా! ఇన్నాళ్ళూ ఈ కోణం మన కమిటీకి ఎందుకు తట్టలేదు?"

త్రినాథం జీపు వేసుకుని దూరం కొలిచి వచ్చారు. అటు ముప్ఫై రెండు, ఇటు ముప్ఫై రెండు. ఇక ఉత్తర్వు వెలువడటానికి మీనమేషాలు లెక్కపెట్టలేదు. జొన్నలంకలో మధ్యస్థ కార్యాలయము తెరవబడును. అధిపతి ధర్మలింగం. రెండు కొసలను ఒకే ఉద్యోగి ఏకకాలంలో పర్యవేక్షించుటకు వీలుగా, రెండు కొసలనూ అక్కడికే తరలించవలెను.

బడి పక్కన పెంకుటింట్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. జిల్లా ఆఫీసు కంప్యూటరు ఒక లారీలో, కొత్తరేవు కంప్యూటరు ఇంకో లారీలో వచ్చాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టారు. మధ్యలో జానెడు ఖాళీ. సీనియరు కింద మాత్రం ఎత్తు కోసం రెండు చెక్కలు వేశారు. ప్రారంభోత్సవానికి చంద్రచూడరావు గారు వచ్చి రిబ్బను కత్తిరించారు.

"సార్, రెండూ ఇక్కడే ఉన్నాయి కదండీ. ఇక నేరుగా పాతదాని మీదే..." అని ధర్మలింగం మొదలుపెట్టాడో లేదో, వెనకనుంచి వసంత అతని వీపు మీద గిల్లింది. అతను చటుక్కున నోరు మూసుకున్నాడు.

"ఏమిటీ?"

"అబ్బే, ఏం లేదండి. నేరుగా పాతదాని మీద చెయ్యి వెయ్యకుండా జాగ్రత్తపడతానని మనవి చేస్తున్నానండి."

"అదీ! సీనియరును ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకు. మంజూరైంది రిమోట్ కంట్రోలు."

అప్పటినుంచీ ధర్మలింగం పెంగ్విను ముందు కూర్చుని, జానెడు దూరంలో ఉన్న పాతదాన్ని నడుపుతున్నాడు. జిల్లాలో ఏ వారం వాన ఆ వారమే పడుతోంది. ఒంటి గంటకు వసంత బడి నుంచి వస్తే ఇద్దరూ కలిసి అన్నం తింటారు. ఇంతకంటే తనకేమీ అక్కర్లేదని ధర్మలింగం ఆమెతో రోజూ అంటాడు. కొత్తరేవులో నూకాలమ్మ ఖాళీ బల్లనే తుడుస్తూ, శుక్రవారం శుక్రవారం బస్సు డ్రైవరు చేతికి అతని కోసం ఫ్లాస్కునిండా టీ ఇచ్చి పంపుతోంది.

ఉత్తర్వులో చివరి పేరా ఒకటుంది. దాన్ని త్రినాథమే ఎంతో శ్రద్ధగా చేర్చారు. నమోదవుతున్న ప్రతి వానకూ జిల్లా ఆఫీసు తరఫున ఒక సూపరింటెండెంటు ప్రత్యక్ష సాక్షిగా ఉండాలి. జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటు ఒక్కరే.

కాబట్టి మంగళవారం, శుక్రవారం పదకొండున్నరకు ఆర్డినరీ బస్సు దిగి, నడుం పట్టుకుని, త్రినాథం ఆ గదిలోకి వస్తారు. మూడో వారం వచ్చినప్పుడు ఆయన కుర్చీలో కూలబడి, చాలాసేపు నడుం రుద్దుకున్నారు.

"ఏమయ్యా ధర్మలింగం," అన్నారు నెమ్మదిగా. "ఈ గతుకుల్లో నా ప్రాణం పోతోంది. ఇక్కడ జరిగేది నేను అక్కడ నా కుర్చీలో కూర్చునే చూసే ఉపాయం ఏదైనా ఉందా?"

ఉంది. పది నిమిషాల పని. ఆయన మొహం చూసి ధర్మలింగానికి నిజంగానే జాలేసింది. కిటికీలోంచి, పక్కనున్న బడి వరండాలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్న వసంత కనిపించింది.

"ఉపాయానికేం లోటండీ, ఉంది," అన్నాడు. "కాకపోతే, అప్పుడు తమరు అక్కడున్నట్టా అండీ, ఇక్కడున్నట్టా?"

త్రినాథం లోపల్లోపల ఏదో లెక్క వేసుకున్నారు. ఆ తరవాత నిట్టూర్చి, బల్ల మీదున్న మూవ్‌మెంట్ రిజిస్టరు తనవైపు లాక్కుని, వచ్చిన సమయం రాసి, పొట్టి సంతకం చేశారు.